ఒకే కాన్పులో ఇద్దరు, ఒకరికే లేజర్: బరువు చార్టు చెప్పిన ఆర్‌ఓపీ కథ

27 వారాల 2 రోజులకి సిజేరియన్‌లో పుట్టిన కవల ఆడపిల్లల కేసు ఇది. మొదటి పాప 960 గ్రాములు, రెండో పాప 930. తల్లి ఒకరే, వార్డు ఒకటే, ఆక్సిజన్ నియమాలూ ఒకటే. అయినా గర్భం లెక్కన 34 వారాలు దాటేసరికి రెండో పాపకి రెండు కళ్లకీ లేజర్ చేయాల్సి వచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల రెటీనాలో, అంటే కంటి వెనక ఉండే చూపు పొరలో, రక్తనాళాలు తప్పుగా పెరిగే జబ్బు ఆర్‌ఓపీ. మొదటి పాపకి అది తొలి దశలోనే ఆగి, దానంతటదే తగ్గిపోయింది. తల్లిదండ్రుల అనుమతితో, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను.

ఆర్‌ఓపీ అనగానే ముందు గుర్తొచ్చేది ఆక్సిజన్. అది నిజమే కానీ సగం నిజం. నెలలు నిండని బిడ్డ కంట్లో రక్తనాళాలు సరిగ్గా పాకాలంటే ఆక్సిజన్ అదుపులో ఉంటే చాలదు, ఒంట్లో ఎదుగుదల కూడా సాగుతుండాలి. బిడ్డ బరువు పెరగని వారాల్లో కంటి ఎదుగుదలా ఆగుతుంది. ఈ ఇద్దరి బరువు చార్టులు పక్కపక్కన పెట్టి చూస్తే, కంటి డాక్టర్ మొదటిసారి పరీక్ష చేయడానికి పది రోజుల ముందే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నవజాత శిశువుల వార్డులో పనిచేసే ప్రతి ఒక్కరూ, ముఖ్యంగా నర్సులు, ఆ తేడాని చదవగలగాలని ఈ కేసు రాస్తున్నాను.

మొదటి వారం

తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు రెండు డోసులూ పూర్తయ్యాయి, మెగ్నీషియం సల్ఫేట్ కూడా పడింది. ఇద్దరికీ బొడ్డుతాడు వెంటనే కత్తిరించకుండా కాసేపు ఆగగలిగాం. పుట్టగానే సీప్యాప్ (ముక్కు ద్వారా కాస్త ఒత్తిడితో గాలి పంపే యంత్రం) మీద పెట్టి, ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా ఉంచే సర్ఫాక్టెంట్ మందు సన్నటి గొట్టం ద్వారా ఒక్కో డోసు ఇచ్చాం. ఆక్సిజన్ 25 నుంచి 30 శాతం మధ్య సరిపోయింది. శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 90 నుంచి 95 మధ్య ఉండాలన్నది మా నియమం. 89 దగ్గరా 95 దగ్గరా అలారం మోగేలా పెట్టాం.

ఆహారం మొదటి రోజే మొదలైంది. సెలైన్ లైన్ ద్వారా ఎమైనో ఆసిడ్లు కిలోకి 2 గ్రాములతో మొదలుపెట్టి మూడో రోజుకి 3.5కి తెచ్చాం. కొవ్వు 1 గ్రాముతో మొదలై నాలుగో రోజుకి 3 గ్రాములయింది. తల్లి మొదటి రోజే పాలు పిండి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ ముర్రుపాలు కిలోకి రోజుకి 15 మిల్లీలీటర్ల చొప్పున గొట్టం ద్వారా పొట్టలోకి వెళ్లాయి.

పుట్టాక కొన్ని రోజులు బరువు తగ్గడం మామూలే. మొదటి పాప నాలుగో రోజుకి 890కి దిగి, తొమ్మిదో రోజుకల్లా పుట్టిన బరువుకి చేరింది. రెండో పాప 855కి దిగి, తొమ్మిదో రోజుకి 915 దగ్గర ఉంది. అప్పటిదాకా ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు.

రెండో వారంలో దారులు వేరయ్యాయి

పదో రోజు తెల్లవారుజామున రెండో పాప ఊపిరి తీయడం పదేపదే ఆపింది. ఒళ్లు మచ్చలు మచ్చలుగా మారింది, పొట్ట ఉబ్బింది. రక్తం కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా పెరిగింది. ఎక్స్‌రేలో పేగు గోడలో గాలి లేదు కాబట్టి ఎన్‌ఈసీ (పేగు గోడ పాడైపోయే జబ్బు) అని ఖాయం చేయలేదు, కానీ పాలు ఆపక తప్పలేదు. వెంటిలేటర్ మీద పెట్టాం. ఇన్ఫెక్షన్ తగ్గాలంటే, గుండె దగ్గరి పెద్ద రక్తనాళం దాకా వేసిన పెద్ద లైన్ తీసేయాలి, తీసేశాం. ఇక చేతి మీది చిన్న నరమే దిక్కయింది.

ఈ కేసులో అసలు మలుపు ఇదే. చిన్న నరంలోకి చిక్కటి ద్రావణం పంపలేం, నరం పాడవుతుంది, చర్మం కాలిపోతుంది. పన్నెండో రోజు చార్టు విప్పి లెక్క రాస్తే ఇలా వచ్చింది. ఆ రోజు పాపకి వెళ్లిన మొత్తం ద్రవం కిలోకి 130 మిల్లీలీటర్లు. అందులో యాంటీబయాటిక్స్, బీపీ మందు, లైన్ కడిగే సెలైన్, ఎక్కించిన రక్తం కలిపి 45 పోయాయి. మిగిలిన దాంట్లో గ్లూకోజ్ 8 గ్రాములు, అంటే 27 కిలోకేలరీలు. ఎమైనో ఆసిడ్లు 2 గ్రాములు, 8 కిలోకేలరీలు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు పెరగడంతో కొవ్వు ఒక్క గ్రాముకి తగ్గించాం, దాని నుంచి 10. అన్నీ కలిపితే కిలోకి 45 కిలోకేలరీలు. ఆ బరువు బిడ్డకి లైన్ ద్వారా 90 నుంచి 120 దాకా అందాలి. 45 అంటే గుండె కొట్టుకోవడానికి, ఊపిరికి, ఒంటి వేడికి సరిపోతుంది. ఎదగడానికి ఏమీ మిగలదు. పైగా ఇన్ఫెక్షన్ వల్ల గ్లూకోజ్ 220 దాకా ఎక్కుతుంటే, ఇంకా పెంచే వీలు కూడా లేదు.

అదే సమయంలో బరువు చార్టు తప్పుదారి పట్టించింది. పన్నెండు నుంచి పద్నాలుగో రోజు మధ్య పాప బరువు 915 నుంచి 1,010కి ఎక్కింది. గీత పైకి వెళ్తుంటే ఎవరికైనా ఊరటగా ఉంటుంది. కానీ పాప దగ్గరికి వెళ్లి చూస్తే కనురెప్పలు తెరుచుకోలేనంతగా ఉబ్బి ఉన్నాయి. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి, నెమ్మదిగా పూడుతోంది. డైపర్ బ్యాండు కట్టిన చోట నడుము చుట్టూ లోతుగా గాడి కనిపించింది. అది కండ కాదు, నీరు. పదిహేడో రోజుకి మూత్రం బాగా వచ్చి బరువు 925కి దిగిపోయింది. వాపు రోజుల్లో చార్టు మీద ‘నీరు’ అని రాసి చుట్టూ గీత గీయమని నర్సులకి చెప్తాను. ఆ అంకెల మీద కేలరీలు లెక్కేస్తే లెక్కంతా తప్పుతుంది. మందులకీ ఆహారానికీ వాపు రాకముందు బరువే వాడాలి.

పాలు మళ్లీ పదహారో రోజు మొదలయ్యాయి. పెద్ద లైన్ మళ్లీ వేయడానికి కల్చర్ శుభ్రంగా రావాలి, దానికి పద్దెనిమిదో రోజు దాకా పట్టింది. వెంటిలేటర్ మీద ఉన్నన్ని రోజులూ ఆక్సిజన్ ఒక్కోసారి 45 శాతం దాకా వెళ్లింది, శాచురేషన్ పైకీ కిందకీ ఊగింది. రక్తం మూడుసార్లు ఎక్కించాం. మొదటి పాపకి ఒక్కసారే.

ఒంట్లో ఏం తక్కువైతే కంట్లో ఏం ఆగుతుంది

రెటీనాలో రక్తనాళాలు గర్భంలో సుమారు 16 వారాలప్పుడు కంటి నరం దగ్గర మొదలై అంచుల వైపు పాకుతాయి. ముక్కు వైపు అంచుకి సుమారు 36 వారాలకి, చెవి వైపు అంచుకి 40 వారాలకి చేరతాయి. కాలవ నీళ్లు చివరి పొలానికి అన్నిటికన్నా ఆలస్యంగా చేరినట్టే, రెటీనా అంచుకీ రక్తం ఆఖరుకే అందుతుంది. 27 వారాలకి పుట్టిన బిడ్డ కంట్లో ఈ పని చాలావరకు మిగిలే ఉంటుంది.

నాళాలని ముందుకి పిలిచేది వీఈజీఎఫ్ అనే ప్రోటీన్. ఆక్సిజన్ తక్కువగా ఉన్న రెటీనా దాన్ని తయారుచేస్తుంది. గర్భంలో ఆక్సిజన్ తక్కువగానే ఉంటుంది కాబట్టి పని సాఫీగా సాగుతుంది. పుట్టి గాలి పీల్చగానే, దాని మీద మనం ఆక్సిజన్ కూడా ఇస్తే, వీఈజీఎఫ్ పడిపోయి నాళాలు నిలిచిపోతాయి. 1942లో బోస్టన్‌లో థియోడోర్ టెర్రీ ఈ జబ్బుని మొదటిసారి వర్ణించారు. 1951లో ఆస్ట్రేలియాలో కేట్ క్యాంప్‌బెల్ ఆక్సిజన్‌ని అనుమానించారు. అప్పటి నుంచి చాలా ఏళ్లు అందరి చూపూ ఆక్సిజన్ మీదే ఉంది. అయితే మరీ తగ్గిస్తే ప్రాణానికే ముప్పు. 2010లో వచ్చిన సపోర్ట్ ట్రయల్‌లో శాచురేషన్ 85 నుంచి 89 మధ్య ఉంచిన పిల్లల్లో తీవ్రమైన ఆర్‌ఓపీ తగ్గింది, మరణాలు పెరిగాయి. అందుకే ఆక్సిజన్‌ని ఒక హద్దు దాటి తగ్గించి కళ్లు కాపాడే దారి మనకి లేదు.

ఇక్కడే రెండో గ్రోత్ ఫ్యాక్టర్ సంగతి వస్తుంది. అది ఐజీఎఫ్-1, పేరుకి తగ్గట్టే ఇన్సులిన్‌ని పోలిన ఎదుగుదల ప్రోటీన్. ఎదుగుదల హార్మోన్లకీ రెటీనా నాళాలకీ సంబంధం ఉందన్న అనుమానం పాతదే. డయాబెటిక్ రెటినోపతీ (షుగర్ వల్ల రెటీనా నాళాలకి వచ్చే జబ్బు) ఉన్న ఒక స్త్రీకి కాన్పు తర్వాత, ఎదుగుదల హార్మోన్ తయారుచేసే పిట్యూటరీ గ్రంథి దెబ్బతింటే, కంటి జబ్బు తగ్గిపోయిందని 1953లోనే రాశారు. పుట్టబోయే బిడ్డ రక్తంలో ఐజీఎఫ్-1 చివరి మూడు నెలల్లో బాగా పెరుగుతుంది. ముందే పుడితే మాయ నుంచీ, మింగే ఉమ్మనీటి నుంచీ వచ్చే అండ ఒక్కసారిగా తెగిపోతుంది, స్థాయి పడిపోతుంది. బిడ్డ కాలేయం తనంతట తాను తయారుచేసుకోవాలి. దానికి ప్రోటీన్ కావాలి, కేలరీలు కావాలి, ఇన్ఫెక్షన్ లేకుండా ఉండాలి.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఆన్ హెల్‌స్ట్రోమ్, బోస్టన్‌లో లోయిస్ స్మిత్ కలిసి 2001లో చూపించింది ఏమిటంటే, ఐజీఎఫ్-1 ఒక కనీస స్థాయిలో లేకపోతే వీఈజీఎఫ్ ఉన్నా నాళాల కణాలు దాని మాట వినవు. అంటే మొదటి నాలుగైదు వారాల్లో ఐజీఎఫ్-1 ఎంత తక్కువగా, ఎంత కాలం ఉంటే, రెటీనాలో నాళాలు లేని భాగం అంత పెద్దదిగా మిగులుతుంది. 32 వారాలు దాటాక రెటీనా పరిణతి చెంది ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. నాళాలు లేని ఆ పెద్ద భాగం ఊపిరాడక వీఈజీఎఫ్‌ని కుమ్మరిస్తుంది. అదే సమయానికి బిడ్డ కోలుకుని ఐజీఎఫ్-1 పెరగడం మొదలవుతుంది. అప్పటిదాకా మూసుకున్న దారి తెరుచుకుని, పోగైన వీఈజీఎఫ్ అంతా ఒక్కసారి పనిచేస్తే నాళాలు అడ్డదిడ్డంగా, రెటీనా మీదికి గుత్తులుగా మొలుస్తాయి. ఆర్‌ఓపీ అంటే అదే.

ఈ రెండు దశల సంగతి తెలిస్తే ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. 32 వారాలు దాటాక బిడ్డని బాగా పెంచితే, ఐజీఎఫ్-1 పెరిగి కంటికి చేటు చేస్తుందా? నా అభిప్రాయం స్పష్టంగా చెప్తాను. ఆ భయంతో ఆహారం తగ్గించడం ఎప్పుడూ తప్పే. మెదడు, ఊపిరితిత్తులు, ఎముకలు అన్నీ ఆ ఆహారం మీదే ఆధారపడ్డాయి. చేయాల్సిందల్లా మొదటి దశలోనే నాళాలు లేని భాగం పెరగకుండా చూడటం, రెండో దశలో కంటి పరీక్ష ఒక్కటి కూడా తప్పిపోకుండా చూడటం.

మూడు కిటికీలు

ఐజీఎఫ్-1 రక్త పరీక్ష రోజూ చేసేది కాదు. వెయ్యి గ్రాములు లేని బిడ్డ నుంచి వారం వారం ఆ పరీక్ష కోసం రక్తం తీయడం నాకు ఇష్టం లేదు. దాని బదులు బరువు ఉంది. ఆర్‌ఓపీ ముప్పుని ముందే పట్టడానికి గోథెన్‌బర్గ్ బృందం 2006లో విన్‌రాప్ అనే లెక్క తయారుచేసినప్పుడు ఐజీఎఫ్-1, బరువు రెండూ వాడింది, తర్వాత వారం వారం బరువొక్కటే తీసుకుంది. స్వీడన్‌లో అది చాలా బాగా పనిచేసింది. కానీ కాస్త పెద్ద బరువు పిల్లలకి కూడా ఆర్‌ఓపీ వచ్చే దేశాల్లో దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే కొందరు తప్పిపోతారు. భారతదేశంలో 2,000 గ్రాముల లోపు గానీ 34 వారాల లోపు గానీ పుట్టిన పిల్లలందరినీ పరీక్షించాలన్న నియమం ఉన్నది అందుకే.

అమెరికా, కెనడాల్లోని 29 ఆసుపత్రుల్లో 7,483 మంది పిల్లల వివరాలతో 2018లో, ఏ బిడ్డకి కంటి పరీక్ష కావాలో చెప్పే జీ-రాప్ ప్రమాణాలు వచ్చాయి. వాటిలో నాకు నచ్చింది బరువుని మూడు కిటికీల్లోంచి చూడటం. 10 నుంచి 19 రోజుల మధ్య 120 గ్రాముల కన్నా తక్కువ పెరిగినా, 20 నుంచి 29 మధ్య 180 కన్నా తక్కువ పెరిగినా, 30 నుంచి 39 మధ్య 170 కన్నా తక్కువ పెరిగినా కంటి పరీక్ష చేయాలి. వీటితో పాటు 28 వారాల లోపు పుట్టడం, 1,051 గ్రాముల కన్నా తక్కువ పుట్టిన బరువు, హైడ్రోసెఫాలస్ (మెదడులో నీరు చేరడం) కూడా ఉన్నాయి. ఏ ఒక్కటి ఉన్నా చాలు. మా కవలలిద్దరూ వారాల లెక్కలోనూ పుట్టిన బరువు లెక్కలోనూ మొదటి రోజే ఈ జాబితాలోకి వచ్చేశారు. ఎవరికి పరీక్ష చేయాలో తేల్చడానికి కిటికీలు అక్కర్లేదు. ఎవరి విషయంలో ఎక్కువ కంగారు పడాలో తెలియడానికి వాటిని వాడుకున్నాను. ఇది ఆ ప్రమాణాలు చెప్పిన వాడకం కాదు, నా పద్ధతి.

మొదటి పాప మొదటి కిటికీలో 970 నుంచి 1,125కి, 155 గ్రాములు పెరిగింది. రెండో కిటికీలో 195, మూడో దాంట్లో 230.

రెండో పాప మొదటి కిటికీలో 915 నుంచి 940కి. పాతిక గ్రాములు. రెండో దాంట్లో 945 నుంచి 1,060కి, 115. మూడో దాంట్లో 195, అంటే హద్దు దాటింది. ముప్పయ్యో రోజు తర్వాత ఆమెని చూసినవాళ్లెవరికైనా పాప కోలుకుంటోంది, బరువు బాగా పెరుగుతోంది అనిపిస్తుంది. అది నిజం కూడా. కానీ కంట్లో నాళాలు ఆగిపోయిన వారాలు అప్పటికే గడిచిపోయాయి. ముందు ఆగి, తర్వాత వేగం పుంజుకున్న ఈ తరహా బరువు గీతని చూస్తే నేను ఎక్కువ జాగ్రత్త పడతాను.

ఇరవయ్యో రోజుకే కంటి డాక్టర్‌తో మాట్లాడి రెండో పాప పేరు జాబితాలో పైకి జరిపించాం.

ఇరవయ్యో రోజు నుంచి ఏం మార్చాం

పాలు పెంచుతున్నా రెండో పాప అనుకున్నంత పెరగట్లేదు. ఏం రాశాం అన్నది పక్కన పెట్టి, ఏం అందింది అన్నది చూడటం మొదలుపెట్టాం. మూడు విషయాలు బయటపడ్డాయి.

పాలు పంపుతో, సిరంజిలో పెట్టి నెమ్మదిగా ఇస్తున్నాం. ఒక ఫీడ్ అయ్యాక సిరంజి తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే గోడకి తెల్లగా వెన్న పొర అంటుకుని ఉంది. గొట్టం పొడవునా అదే. తల్లిపాలలో సగానికి దగ్గరగా కేలరీలు కొవ్వులోనే ఉంటాయి. నిలకడగా నడిచే పంపులో ఆ కొవ్వు పైకి తేలి ప్లాస్టిక్‌కి పట్టేస్తుంది, బిడ్డకి నీళ్లపాలు వెళ్తాయి. పొట్ట తట్టుకోవడంతో పంపు మానేసి, రెండు గంటలకోసారి సిరంజి ఎత్తి పట్టుకుని ఇచ్చాం. పంపు తప్పనిసరైన పిల్లలకి సిరంజి మూతి పైకి ఉండేలా పెట్టి, గొట్టం వీలైనంత పొట్టిది వాడుతున్నాం.

రెండోది ప్రోటీన్. తల్లిపాలు కిలోకి 180 మిల్లీలీటర్లు ఇస్తే కేలరీలు 120 దాకా వస్తాయి, కాగితం మీద బాగానే ఉంటుంది. ప్రోటీన్ మాత్రం 2 గ్రాముల చిల్లరే. ఈ బిడ్డలకి 3.5 నుంచి 4 దాకా కావాలి. పైగా కాన్పయి నెల దగ్గరపడే కొద్దీ పాలలో ప్రోటీన్ ఇంకా తగ్గుతుంది. 30 వారాలు దాటాక ఐజీఎఫ్-1 పెరుగుదల అందే ప్రోటీన్‌తో పాటే నడుస్తుంది కాబట్టి ఈ లోటు కంటికి కూడా లోటే. మొదటి పాపకి పాలు కిలోకి 100 మిల్లీలీటర్లు చేరగానే పదకొండో రోజునే ఫోర్టిఫయర్ (తల్లిపాలలో ప్రోటీన్ వంటి పోషకాలు పెంచడానికి కలిపేది) కలిపాం. రెండో పాపకి పేగుల భయంతో అది వెనక్కి జరుగుతూ వచ్చింది. ఇరవై రెండో రోజు సగం డోసుతో మొదలుపెట్టి రెండు రోజుల్లో పూర్తి డోసుకి వెళ్లాం.

మూడోది సోడియం. వాపు తీసేటప్పుడు మూత్రంలో చాలా పోయి రక్తంలో 128కి దిగింది. సోడియం తక్కువైతే కేలరీలు ఎన్ని పోసినా బిడ్డ ఎదగదు. రోజుకి కిలోకి 4 మిల్లీమోల్స్ అదనంగా ఇచ్చాం. నాలుగు రోజుల్లో బరువు గీత లేచింది. ఇది చాలా వార్డుల్లో ఆలస్యంగా గుర్తుకొస్తుంది, నిజానికి ఇంత చౌకగా దిద్దగలిగే లోటు ఇంకొకటి లేదు.

కొవ్వు ఆమ్లాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తల్లిదండ్రులు అడుగుతున్నారు. డీహెచ్‌ఏ, అరాకిడోనిక్ ఆసిడ్ చివరి మూడు నెలల్లో మాయ ద్వారా బిడ్డకి చేరతాయి. రెటీనాకి రెండూ కావాలి. స్వీడన్‌లో మెగా డోనా మెగా అనే ట్రయల్‌లో 28 వారాల లోపు పుట్టిన 206 మంది పిల్లల్లో సగం మందికి రోజుకి కిలోకి అరాకిడోనిక్ ఆసిడ్ 100 మిల్లీగ్రాములు, డీహెచ్‌ఏ 50 మిల్లీగ్రాములు నోటి ద్వారా ఇచ్చారు. తీవ్రమైన ఆర్‌ఓపీ ఇవ్వనివాళ్లలో 33.3 శాతం ఉంటే, ఇచ్చినవాళ్లలో 15.8 శాతమే ఉంది. 2021లో ఫలితాలు వచ్చాయి. ఇది చాలా ఆశ కలిగించే ఫలితం. కానీ 2017లో వచ్చిన మరో పెద్ద ట్రయల్‌లో డీహెచ్‌ఏ ఒక్కటే ఇస్తే ఊపిరితిత్తుల జబ్బు తగ్గకపోగా కాస్త పెరిగినట్టు కనిపించింది. కాబట్టి బజార్లో దొరికే డీహెచ్‌ఏ చుక్కలు కొనుక్కొచ్చి వేద్దామా అని అడిగితే వద్దనే చెప్తాను. రెండూ కలిసిన, నెలలు నిండని పిల్లల కోసం లెక్క కట్టిన మందు వేరు, ఇది వేరు.

మరి ఐజీఎఫ్-1నే నేరుగా ఇవ్వొచ్చు కదా? ఇచ్చి చూశారు. దాన్ని మోసుకెళ్లే ప్రోటీన్‌తో కలిపి సెలైన్‌లో ఎక్కించిన ట్రయల్ 2019లో వచ్చింది. ఆర్‌ఓపీ తగ్గలేదు, తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు మాత్రం తగ్గింది. మందుగా ఐజీఎఫ్-1 రేపు పనికొస్తుందేమో. ఈ రోజుకి మన చేతిలో ఉన్నవి పాలు, ప్రోటీన్, ఇన్ఫెక్షన్ రాకుండా కడుక్కున్న చేతులు.

కంటి పరీక్షలు

మొదటి పరీక్ష 31 వారాల 3 రోజులకి. రెటీనాని కంటి నరం దగ్గర నుంచి అంచు దాకా మూడు జోన్లుగా లెక్కేస్తారు. మొదటి పాప నాళాలు రెండో జోన్‌లో బాగా ముందుకి వచ్చాయి, ఆర్‌ఓపీ లేదు. రెండో పాప నాళాలు మొదటి జోన్ దాటి కొంచెమే వచ్చి ఆగి ఉన్నాయి. నాళాలు ఆగిన చోట గీత (ఒకటో దశ గుర్తు) గానీ గట్టు (రెండో దశ గుర్తు) గానీ ఇంకా లేదు. ‘ఆర్‌ఓపీ లేదు’ అని ఇద్దరికీ రాయొచ్చు, కానీ రెండూ ఒకటి కాదు. మొదటి పాపకి రెండు వారాలకి, రెండో పాపకి వారానికి మళ్లీ రమ్మన్నారు.

32 వారాల 3 రోజులకి రెండో పాపకి ఒకటో దశ. తర్వాతి వారం రెండో దశ, కంటి నరం దగ్గర నాళాలు కాస్త ఉబ్బడం మొదలైంది. 34 వారాల 3 రోజులకి మూడో దశ, నాళాలు ఉబ్బి మెలికలు తిరిగాయి, అంటే ప్లస్ వచ్చేసింది. రెండో జోన్‌లో రెండో దశ గానీ మూడో దశ గానీ ప్లస్‌తో ఉంటే అది టైప్ 1, అంటే చికిత్స తప్పనిసరైన రకం. 48 నుంచి 72 గంటల్లోపు చికిత్స చేయాలి. వారం తప్పిపోయి ఉంటే ఈ మాట మరోలా ఉండేది.

పరీక్ష రోజున పాల గురించి చిన్న మాట. పరీక్ష కోసం కంటిపాపని పెద్దది చేసే చుక్కలు ఒంట్లోకి ఇంకితే పేగులు మందగిస్తాయి, పొట్ట ఉబ్బుతుంది, ఫీడ్లు ఆపేస్తారు. వారానికో పరీక్ష, పరీక్షకో పూట ఫీడ్లు పోతే, బరువు కోసం మనం పడ్డ కష్టం అక్కడ కారిపోతుంది. అందుకే పలచన చేసిన చుక్కలే వాడతాం, చెంప మీదికి జారింది వెంటనే తుడుస్తాం, ఫీడ్‌ని పరీక్షకి గంట ముందుకి జరుపుతాం. తర్వాతి ఫీడ్ మానేయం, పొట్ట చూసి ఇస్తాం.

చికిత్సలో రెండు దారులు తల్లిదండ్రుల ముందు పెట్టాం. కంట్లోకి వీఈజీఎఫ్‌ని అడ్డుకునే ఇంజెక్షన్, లేదా నాళాలు లేని రెటీనాకి లేజర్. ఇంజెక్షన్ త్వరగా అయిపోతుంది, పక్క చూపు దెబ్బతినడం తక్కువ. కానీ మందు కొంత రక్తంలోకి వెళ్తుంది, ఎదుగుతున్న మిగతా అవయవాలకి కూడా వీఈజీఎఫ్ కావాలి. జబ్బు నెలల తర్వాత తిరగబెట్టే అవకాశం కూడా ఉంది, అంత కాలం పరీక్షలకి రావాలి. మొదటి జోన్‌లో జబ్బు ఉంటే ఇంజెక్షన్ వైపే మొగ్గేవాళ్లం. ఇక్కడ జబ్బు రెండో జోన్‌లో ఉంది కాబట్టి కంటి డాక్టర్ లేజర్‌కి మొగ్గారు, తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. అప్పటికి పాప 1,550 గ్రాములు. లేజర్ కోసం వెంటిలేటర్ మీద పెట్టి, మర్నాడే తీసేశాం. వారంలో ప్లస్ తగ్గింది, మూడు వారాలకి మొలిచిన నాళాలు ముడుచుకున్నాయి. మొదటి పాపకి 35 వారాలకి ఒకటో దశ కనిపించి 38కల్లా పోయింది.

తల్లి అడిగింది

లేజర్ అయ్యాక తల్లి నన్ను పక్కకి పిలిచింది. “డాక్టర్‌గారూ, ఇద్దరికీ నా పాలే కదండీ. దీనికే ఎందుకిలా అయింది? నా పాలు చాలలేదా?”

“మీ పాల వల్ల కాదమ్మా. దానికి వారం రోజులు ఏమీ తాగలేని పరిస్థితి వచ్చింది. మీ పాలు తాగిన రోజుల నుంచే అది కోలుకుంది.”

ఇది ఓదార్పు కోసం చెప్పింది కాదు. తల్లిపాలు తాగే పిల్లల్లో ఇన్ఫెక్షన్లూ ఎన్‌ఈసీ తగ్గుతాయి, ఆర్‌ఓపీ కూడా తక్కువగా కనిపిస్తోంది. ఫోర్టిఫయర్ కలుపుతున్నామంటే పాలు మంచివి కావని చాలామంది తల్లులు అనుకుంటారు. నెలలు నిండి పుట్టిన బిడ్డకి ఆ పాలు సరిగ్గా సరిపోతాయని, ఈ బిడ్డ మాత్రం గర్భంలో అందాల్సింది బయట తెచ్చుకుంటోందని విడమర్చి చెప్పాలి. ఆ మాట ఎవరూ చెప్పకపోతే తల్లి దిగులుతో పాలు తగ్గిపోతాయి.

ఇద్దరి మధ్య తేడా అంతా ఆహారానిదే అని నేను అనను. ఇన్ఫెక్షన్ దానంతటదే కంటికి చేటు, అది ఐజీఎఫ్-1ని కూడా తొక్కేస్తుంది. వెంటిలేటర్ రోజుల్లో ఆక్సిజన్ ఊగిసలాట ఉంది. మూడుసార్లు ఎక్కిన రక్తంలోని పెద్దవాళ్ల హిమోగ్లోబిన్ రెటీనాకి ఆక్సిజన్‌ని ఎక్కువగా వదిలేస్తుంది. గ్లూకోజ్ ఎక్కువగా ఉన్న రోజులకీ ఆర్‌ఓపీకీ సంబంధం కనిపిస్తోంది. ఇవన్నీ ఒకే వారంలో వచ్చి పడ్డాయి, విడదీసి ఇంత వాటా దీనిది అని చెప్పలేం. కానీ వీటిలో సెప్సిస్ (ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్) వచ్చాక కూడా మన చేతిలో మిగిలేది ఆహారం. ఆక్సిజన్ మీటర్‌ని నిమిషం నిమిషం చూసే వార్డులో, అందిన ప్రోటీన్‌ని వారానికోసారైనా లెక్కేయకపోతే ఆ బిడ్డకి చేయగలిగిందంతా చేసినట్టు కాదు.

ఈ కేసు తర్వాత మా దగ్గర పాలు ఆపిన ప్రతి బిడ్డకీ రోజూ చార్టులో ఒక గీత అదనంగా ఉంటోంది. నిన్న నిజంగా అందిన కేలరీలు ఎన్ని, ప్రోటీన్ ఎంత అని. రెండు రోజులు వరసగా 80కి తగ్గితే, కారణం ఏదైనా సరే, మూడో రోజు రౌండ్స్‌లో ముందు మాట్లాడేది దాని గురించే. పెద్ద లైన్ తీసేసిన బిడ్డకి మళ్లీ ఎప్పుడు వేస్తాం అన్నది తీసిన రోజే రాస్తున్నాం. కంటి డాక్టర్‌కి పంపే కాగితంలో వారాలు, పుట్టిన బరువు, ఆక్సిజన్ రోజులతో పాటు మూడు కిటికీల బరువు అంకెలు కూడా వెళ్తున్నాయి.

ఇంటికి వెళ్లేటప్పుడు మొదటి పాప 2,150 గ్రాములు, రెండో పాప 1,980. నెలలు నిండినట్టు లెక్కేస్తే ఏడాది వయసులో జరిగిన పరీక్షలో మొదటి పాపకి అద్దాలు అక్కర్లేదు. రెండో పాపకి రెండు కళ్లలోనూ దూరపు చూపు లోపం (మయోపియా) ఉంది, కుడి కంటికి మైనస్ 3.5, ఎడమకి మైనస్ 4. మెల్లకన్ను లేదు, రెటీనా ఊడకుండా తన చోటే ఉంది, అద్దాలు పెడితే చిన్న వస్తువుల వైపు చక్కగా చెయ్యి చాస్తోంది. బడికి వెళ్లే వయసు దాకా ఆరు నెలలకోసారి అద్దాల పవర్, మెల్ల చూడాలని రాసిచ్చారు. లేజర్ పడిన కంటికి రెటీనా పరీక్ష ఆ తర్వాత కూడా ఏటా ఉండాలి. మొదటి పాపని కూడా ఏడాదికోసారి తీసుకురమ్మని చెప్పాం, ఎందుకంటే ఆర్‌ఓపీ తనంతట తాను తగ్గిన పిల్లల్లో కూడా చూపు లోపాలు మిగతావాళ్ల కన్నా ఎక్కువ.